వన్ టౌన్ మూడు కొండలూ ఒకే ఫ్రేములో రావాలంటే ఎక్కడ నిలబడాలి?

గోదారి_గట్టు
ఉద్యోగం కోసం రాజమండ్రి నుంచి వచ్చి ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. వైజాగ్‌లో ఫొటోలకి మంచి చోట్లు అని వెతికితే ఎవడి జాబితా చూసినా ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి శివపార్వతులు, రుషికొండ. ఇంకో జాబితా తీస్తే అవే నాలుగు, వరస మారుతుంది అంతే. నాకు కావాల్సింది పాత ఊరు, వన్ టౌన్. రాస్ కొండ మీద చర్చి, పక్కన దర్గా, ఆ పక్కన వెంకన్న గుడి, మూడూ ఒకే ఫ్రేములో పడాలి, కింద హార్బర్ ఛానెల్లో ఓడ వెళ్తుండాలి. అలాంటి ఫొటో ఎక్కడో క్యాలెండర్ మీద చూశాను, అప్పట్నుంచీ మనసులో ఉండిపోయింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం వన్ టౌన్ వెళ్తే కరెంటు తీగలు, బైకులు, ఫ్లెక్సీలు తప్ప ఏమీ దొరకలేదు.

కెమెరా క్రాప్ సెన్సార్‌ది. 18-55, 55-250 లెన్సులు, ఓ ట్రైపాడ్ ఉన్నాయి. ఖాళీ ఆదివారాలే. ఎక్కడ నిలబడాలో తెలిసినవాళ్ళు చెప్పండి. "లైటు బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది" టైపు సమాధానాలు మాత్రం వద్దు ప్లీజ్.

మాడుగుల_హల్వా
లైటు బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది బ్రో.

గోదారి_గట్టు
వస్తుందని తెలుసు. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

కోటవీధి_కుర్రోడు
నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే కాబట్టి చెప్తున్నా. ఊళ్ళో ఎక్కడ నిలబడినా మూడూ కలిపి రావు. ఇళ్ళు అడ్డం. ఒక సందులోంచి చర్చి తెల్లగా కనిపిస్తే ఇంకో సందులోంచి దర్గా. మేడ మీద మేడ వేసేశారు, మా చిన్నప్పుడు మా డాబా మీంచి కనపడిన ఛానెల్ కూడా ఇప్పుడు కనపడదు. కొండలు చూస్తే మధ్యలో దర్గా కొండ, ఒక చివర రాస్ కొండ, రెండో చివర వెంకటేశ్వర కొండ. మూడూ హార్బర్ ఛానెల్‌కి ఒకే గట్టున ఉన్నాయి. మరి మూడూ కావాలంటే నువ్వు అవతలి గట్టున ఉండాలి. అంటే డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు.

ఇంకో మాట. మూడు కొండల ఫ్రేము ఒక్కటే పట్టుకుని వెళ్ళావంటే రాస్ కొండ మీద ఉన్నది వదిలేసుకుంటావు. రాస్ అనే ఒక దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే ప్రార్థనా మందిరం అయ్యింది. మేరీమాత చర్చి. పైకి ఎక్కితే కింద ఛానెల్, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, ఓడ వస్తే చేత్తో అందుకోవచ్చేమో అన్నంత దగ్గర. 18-55 సరిపోతుంది. పొద్దున్నే వెళ్ళు, ఎండెక్కాక ఆ మెట్లు ఎక్కితే కెమెరా నువ్వు మోయవు, నిన్నే ఎవరో మోయాలి.

లైట్‌మీటర్
కుర్రోడు చెప్పింది నిజమే. కాకపోతే "డాల్ఫిన్స్ నోస్ వైపు" అని వదిలేస్తే ఈయన ఏ గేటు దగ్గరో తిరుగుతుంటాడు. ఆ కొండ మీద చాలా భాగం నేవీది. మామూలు జనం వెళ్ళగలిగేది లైట్‌హౌస్ దాకా. సందర్శకుల్ని సాయంత్రం పూట కాసేపే వదులుతారు. ఇక్కడే కిటుకు ఉంది. ఎండాకాలంలో ఆ కాసేపు అయిపోయి బయటికి పంపేసేటప్పటికి ఎండ ఇంకా చుర్రుమంటూనే ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో అయిదున్నర ప్రాంతానికే పొద్దు కూకిపోతుంది కాబట్టి ఆ కాసేపట్లోనే వెలుగు పచ్చబడుతుంది.

దిక్కు కూడా చలికాలమే కలిసొస్తుంది. అక్కణ్ణుంచి కొండలు ఉత్తరంగా కనిపిస్తాయి. చలికాలం సూర్యుడు నైరుతికి జరిగి దిగుతాడు కాబట్టి వెలుగు నీ ఎడమ భుజం వెనక నుంచి వచ్చి చర్చి గోడల మీదా గుడి మీదా పడుతుంది. జూన్లో వాయవ్యానికి పోతాడు, వెలుగు ముందు నుంచి కళ్ళల్లో కొడుతుంది, కొండలన్నీ నల్లటి ముద్దలు. 55-250 చాలు, అందులో చివరిదాకా కూడా వెళ్ళక్కర్లేదు.

నేవీ_బాబాయ్
పై పోస్టు చదివి కుర్రాళ్ళు ట్రైపాడ్లు భుజాన వేసుకుని బయల్దేరతారు కాబట్టి చెప్తున్నాను. అది తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు. లైట్‌హౌస్ దగ్గర కెమెరా పట్టుకున్నప్పుడు కుడి పక్కన ఊరు, సముద్రం. ఎడమకి తిప్పుకుంటూ పోతే డాక్‌యార్డ్, బేస్. అటు లెన్స్ తిప్పకూడదు. బోర్డులు రాసి ఉంటాయి. నిషిద్ధ ప్రదేశాల ఫొటోలు తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు. "నాకు తెలీదు సార్" అంటే వినే చట్టం కాదది.

లైట్‌మీటర్
బాబాయ్ గారూ, నేను బేస్ తియ్యమనలేదు కదండీ.

నేవీ_బాబాయ్
నువ్వు అనలేదు తమ్ముడూ. 250 ఎంఎం లెన్సు అంటుంది.

రిసెప్షన్_కెమెరా
లైట్‌హౌస్ దగ్గర నన్ను పెద్ద కెమెరాతో లోపలికి పోనివ్వలేదు. ఫోన్ అయితే పర్లేదన్నారు. నా ముందు వెళ్ళిన అబ్బాయి మెడలో డీఎస్ఎల్ఆర్ ఉంది, అతన్ని ఏమీ అనలేదు. కాబట్టి ముందే అడుక్కోండి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళ మాటే ఫైనల్.

సిరిపురం_సింధు
మేం ఫ్యామిలీతో వెళ్ళినప్పుడు కెమెరా పట్టుకెళ్ళాం, ఎవరూ ఆపలేదు. ట్రైపాడ్ మాత్రం కార్లో వదిలేశాం. ట్రైపాడ్ కనిపిస్తే "సినిమా వాళ్ళా" అని అనుమానం వస్తుంది ఎవరికైనా.

మాడుగుల_హల్వా
ట్రైపాడ్ ఉంటే సినిమా వాళ్ళు. ట్రైపాడ్, గులాబీ రంగు పొగ గొట్టం, తెల్ల గుర్రం ఉంటే ప్రీవెడ్డింగ్ వాళ్ళు.

రిసెప్షన్_కెమెరా
మొదలెట్టేశారా. మా పొట్ట మీద కొట్టకండి సార్.

గోదారి_గట్టు
ఓడ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓడ ఎప్పుడు వస్తుందో తెలిసేదెలా? చూస్తూ కూర్చోవడమేనా?

లైట్‌మీటర్
ఓడల కదలిక చూపించే యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి, మ్యాప్ మీద ఒక్కో ఓడ ఎటు కదులుతోందో కనిపిస్తుంది. లోపలి హార్బర్‌కి వెళ్ళాల్సిన వాణిజ్య నౌక అయితే బయట లంగరేసి ఉంటుంది, దారి చూపే పోర్టు పైలట్ ఎక్కాక టగ్గులు, అంటే ఓడల్ని లాగే చిన్న పడవలు, పట్టుకుని మెల్లగా తీసుకొస్తాయి. కదలడం మొదలైందంటే నీకు తీరిగ్గా సర్దుకునే టైం ఉంటుంది. అది ఛానెల్లో నడిచినంతసేపూ నువ్వు లెన్స్ మార్చుకున్నా పర్లేదు.

కోటవీధి_కుర్రోడు
ఓడ వచ్చేటప్పుడు రాస్ కొండ మీద ఉండడమే నాకు ఇష్టం. కొండ మీంచి చూస్తే వంతెన లేని నదిలో అపార్ట్‌మెంట్ నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఈ హార్బర్ 1933లో తెరిచారు. కట్టేటప్పుడు అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి ముంచేశారని మా తాతగారు చెప్పేవారు, తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. అప్పటిదాకా పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల్లో ఒడ్డుకి చేరేది. ఇది తెలిశాక ఆ ఫ్రేములో ఛానెల్‌ని పక్కన పెట్టలేను. ఈయనకి మూడు కొండలు కావాలి, నాకు మధ్యలో నీళ్ళు కావాలి.

సిరిపురం_సింధు
రాస్ కొండకి డిసెంబరు 8న వెళ్ళండి. మేరీమాత పండగ. ఊరు ఊరంతా ఎక్కుతుంది, క్రైస్తవులే కాదు. కొవ్వొత్తులు, పూలదండలు పట్టుకుని మెట్లంతా జనం. పండగ రోజు కొండ కింద వీధిలో నిలబడి పైకి తీస్తే మెట్ల వరస అంతా మనుషులే.

లోపల తియ్యాలంటే మాత్రం పూజ అయ్యేదాకా ఆగండి. పూజ జరుగుతుండగా బలిపీఠం వైపు కెమెరా ఎత్తితే పక్కన కూర్చున్న ముసలమ్మ చూసే చూపు ఒకటుంటుంది, దానికి ఏ ఫిల్టరూ ఆగదు. తర్వాత ఫాదర్ గారిని అడిగితే చాలాసార్లు సరేనంటారు. ఫ్లాష్ వద్దు. లోపల చీకటి, కిటికీలోంచి పడే వెలుగు ఎక్కువ. ఒకే ఫొటోలో రెండూ రావు. కిటికీకి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టి లోపల నీడల్ని తర్వాత లేపుకోండి.

గోదారి_గట్టు
వన్ టౌన్లో చర్చి అంటే నాకు రాస్ కొండ ఒక్కటే తెలుసు. ఇంకేమున్నాయి?

కోటవీధి_కుర్రోడు
చాలా ఉన్నాయి. విశాఖపట్నం కేథలిక్కులకి పీఠం ఉన్న ఊరు, 2001లో అగ్రపీఠం, అంటే ఆర్చ్‌బిషప్ ఉండే పీఠం, అయ్యింది. ఫ్రాన్స్ వైపు అన్సీ నుంచి మిషనరీలు 1846లో ఇక్కడ దిగారు, ఏడాది తిరక్కుండానే సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. బడి ఇప్పటికీ ఉంది, ఆ వరండాల కమానులు చూడు. పిల్లలు ఉన్నప్పుడు కెమెరాతో వెళ్ళకు, ముందు అడిగి సెలవు రోజు వెళ్ళు. కోట ఉన్న చోట సెయింట్ జాన్స్ చర్చి, అది ఇంగ్లీషు వాళ్ళది. ఆ పక్కన పాత సమాధులు. అవన్నీ కలిపి నడిస్తే ఒక పొద్దుటి పని.

చర్చిల దగ్గరే ఆగిపోకు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి ఆ నడకలోనే వస్తుంది. బురుజు అంటే కోట బురుజే. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎండా వానా ఆవిడ మీదే. మార్గశిర మాసం గురువారాలు వస్తే ఆ వీధులు రాత్రంతా నిద్రపోవు. పసుపు, కుంకుమ, తడి చీరల మీద ట్యూబులైటు. లోపల ఫొటో మాట ఎత్తకు. వీధిలో ఉన్నదే చాలు.

గాజువాక_గరిట
కురుపాం మార్కెట్ మర్చిపోయావేటి? ఆ కమాను మీద 1914 అని ఉంటుంది. ఫొటో తీసుకుని ఆ చేత్తోనే వెండి పట్టీలు కూడా తెచ్చుకోవచ్చు. మా ఆవిడ ఫొటోగ్రఫీకి ఒప్పుకునేది అందుకే.

లైట్‌మీటర్
కురుపాం మార్కెట్ కమాను తియ్యాలంటే షట్టర్లు తెరవకముందే వెళ్ళాలి. పది దాటితే కమాను ముందు స్కూటర్లు మూడు వరసలు. టౌన్ హాల్ కూడా అంతే. బొబ్బిలి రాజావారు కట్టించిన రాతి భవనం, పొద్దుటి ఏటవాలు వెలుగులో ఆ రాళ్ళ గరుకు తెలుస్తుంది. మధ్యాహ్నం అది ఒట్టి బూడిద గోడ. గట్టు గారు మధ్యాహ్నం వెళ్ళారని రాశారు కదా, అక్కడే పోయింది.

తీగలు తియ్యలేం కాబట్టి వాటిని వాడుకోవడమే. కిందికి వంగి, తీగలన్నీ ఒకే మూలకి పోయేలా నిలబడితే అవే దారి చూపిస్తాయి. లేకపోతే చాలా దగ్గరికి వెళ్ళి తలుపు, గొళ్ళెం, కిటికీ ఊచలు తియ్యండి. పాత ఇళ్ళ టేకు తలుపులు అక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి, ఎన్నాళ్ళుంటాయో తెలీదు.

మాడుగుల_హల్వా
తలుపు ఫొటో తీస్తుంటే ఆ తలుపు తీసుకుని ఒకాయన బయటికొచ్చి "ఇల్లు కొంటారేటి" అని అడిగాడు నన్ను. ధర కూడా చెప్పాడు.

భీమిలి_900కె
మీరంతా వన్ టౌన్ అంటారు గానీ పాత చర్చి, పాత సమాధులు ప్రశాంతంగా కావాలంటే భీమిలి రండి. నా పేరులో ఉన్న బస్సే ఎక్కండి, బీచ్ రోడ్డు పొడుగూతా సముద్రం కిటికీలో ఉంటుంది, ఎడమ సీటు మాత్రం తీసుకోకండి. డచ్చి వాళ్ళ సమాధులు 17వ శతాబ్దం నాటివి ఉన్నాయి. కొన్ని కోసుగా స్తంభాల్లా లేస్తాయి, కొన్ని నేల మీద పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి. ఇప్పటికీ అక్షరాలు చదవచ్చు. సెయింట్ పీటర్స్ చర్చి ఉంది, గడియార స్తంభం ఉంది, గోస్తనీ సముద్రంలో కలిసే చోటుంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు మాది, వైజాగ్ వాళ్ళు పిక్నిక్ స్పాట్ అనుకుంటారు.

సమాధి రాళ్ళు తీసేవాళ్ళకి ఒక మనవి. అక్షరాలు కనపడాలని సుద్దముక్కతో రుద్దకండి, నీళ్ళు పొయ్యకండి. పొద్దున్నే పక్క నుంచి వచ్చే వెలుగులో చెక్కిన గాడి నీడ పడుతుంది, దానంతటదే చదువుకోవచ్చు. ఎండ లేని రోజు ఫోన్ టార్చి పక్కన ఆనించి తీసినా అదే పని జరుగుతుంది.

గోదారి_గట్టు
టార్చి చిట్కా బాగుంది, థాంక్స్. ఫిషింగ్ హార్బర్ సంగతి కూడా చెప్పండి. చీకటితోనే వెళ్ళమని మా ఆఫీసులో ఒకరన్నారు.

రిసెప్షన్_కెమెరా
తప్పకుండా వెళ్ళండి. తెల్లవారకముందే బోట్లు వచ్చి వేలం మొదలవుతుంది. నీలం, ఎరుపు బోట్లు, ఐసు పొగ, లైట్లు, నెత్తిన బుట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఏ మూల తీసినా ఫొటోనే. ఆ ముఖాల్లో ఉన్న గీతలు పోర్ట్రెయిట్లకి బంగారం.

జాలారిపేట_పిల్ల
ఆ గీతలు మా అమ్మవి కావచ్చు. అందుకే రాస్తున్నా.

తెల్లారగట్ల వేలం జరిగేటప్పుడు మా వాళ్ళకి ఒక్కో నిమిషం డబ్బు. కానాగంతల బుట్ట ఎత్తి పరిగెడుతున్న మనిషికి అడ్డంగా నిలబడి మోకాళ్ళ మీద కూర్చుని లెన్స్ పెడతారు. అడగరు. తర్వాత ఆ ఫొటో ఎక్కడో ప్రైజు కొడుతుంది, కింద "కష్టజీవి" అని రాస్తారు. 2023 నవంబరులో బోట్లు కాలిపోయినప్పుడు కూడా అంతే, ఏడుస్తున్న వాళ్ళ ముఖం మీదికి కెమెరాలు వచ్చాయి. రావొద్దనట్లేదు. పక్కన నిలబడండి, పేరు అడగండి, తీశాక చూపించండి, వాట్సాప్ చేస్తానని చెప్తే చెయ్యండి.

రిసెప్షన్_కెమెరా
మేడం, మీరు చెప్పింది సరే గానీ అడిగి తీస్తే అందరూ నిటారుగా నిలబడి నవ్వుతారు. సహజంగా రాదు. వీధి ఫొటోగ్రఫీ అంటేనే అడక్కుండా తియ్యడం.

జాలారిపేట_పిల్ల
పెళ్ళిలో అడక్కుండా తీస్తారా మీరు? డబ్బులిచ్చేవాళ్ళనైతే "అమ్మా కొంచెం ఇటు తిరగండి" అంటారు. మాకు ఆ అమ్మా కూడా లేదు.

కోటవీధి_కుర్రోడు
ఇదీ జవాబు.

లైట్‌మీటర్
ప్రసంగం వేరు, పని వేరు అని కాదు గానీ, రెండుసార్లు వెళ్ళి టీ తాగి వస్తే మూడోసారికి ఎవరూ నిటారుగా నిలబడరు, నువ్వు ఉన్నావన్న సంగతే మర్చిపోతారు. సహజత్వం కావాలంటే దారి అది. దొంగచాటుగా తీసిన ఫొటోల్లో సగం వీపులే ఉంటాయి.

రిసెప్షన్_కెమెరా
సరే, ముఖాల సంగతి నేను ఒప్పుకోను గానీ టీ తాగడానికి అభ్యంతరం లేదు.

జాలారిపేట_పిల్ల
గట్టు గారూ, రంగులే కావాలంటే వేట నిషేధం రోజుల్లో రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు సముద్రంలోకి వెళ్ళవు. హార్బర్ నిండా బోట్లు అతుక్కుని ఉంటాయి, ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ వెళ్ళిపోవచ్చు. రంగులేస్తుంటారు, వలలు బాగు చేస్తుంటారు. అప్పుడు మా వాళ్ళకి మాట్లాడ్డానికి టైం ఉంటుంది, ఎవరూ విసుక్కోరు. చేతిలో డబ్బులుండని రోజులు కూడా అవే, టీ మీరే ఇప్పించండి. జెట్టీ మీంచి చూస్తే వరసబోట్ల వెనక డాల్ఫిన్స్ నోస్ వస్తుంది.

గోదారి_గట్టు
ఇది నాకు ఎవరూ చెప్పని సంగతి అక్కా. మే నెలలో వస్తాను, టీ బాధ్యత నాది.

ఇంకో ప్రశ్న. మా తమ్ముడి దగ్గర చిన్న డ్రోన్ ఉంది. 250 గ్రాముల లోపుది, దానికి లైసెన్స్ అక్కర్లేదంటున్నాడు. మూడు కొండలూ గాల్లోంచి...

నేవీ_బాబాయ్
వద్దు.

నేవీ_బాబాయ్
ఒక్క మాటతో సరిపెడదామనుకున్నాను గానీ వివరంగా చెప్తా. 2021 డ్రోన్ నిబంధనల్లో నానో డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ మినహాయింపు ఉన్నమాట నిజం. ఎగరేసే చోటుకి మినహాయింపు లేదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ తీసి చూడు, ఎరుపు జోన్ అయితే ఎంత బుల్లి డ్రోన్ అయినా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. నౌకాదళ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్లు నిషేధం. మీ మూడు కొండలూ, ఛానెలూ, ఫిషింగ్ హార్బరూ ఎక్కడున్నాయో నువ్వే కొలుచుకో. విమానాశ్రయం కూడా నేవీదే. డ్రోన్ పోతుంది, మీ తమ్ముడు స్టేషన్లో ఉంటాడు.

యుద్ధనౌకల మీద అంత మోజుంటే డిసెంబరు చుట్టుపక్కల నేవీ డే విన్యాసాలకి ఆర్కే బీచ్‌కి రండి. జనం ముందే ఓడలు తిప్పుతారు, హెలికాప్టర్లు ఎగరేస్తారు, మార్కోస్ అనే నేవీ కమాండోలు దూకుతారు. ఎంత పెద్ద లెన్స్ తెచ్చుకున్నా ఎవరూ అడగరు. తేదీ మారుతుంటుంది, పేపర్ చూసుకోండి. రిహార్సల్ రోజు జనం తక్కువ, ఫొటోలకి ఆ రోజే మేలు.

మాడుగుల_హల్వా
బాబాయ్ గారు మొదటిసారి "రండి" అన్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సిరిపురం_సింధు
జాబితా స్పాట్లని మరీ తీసిపారెయ్యక్కర్లేదు. సబ్‌మెరైన్ అందరూ పట్టపగలు తీస్తారు కాబట్టి విసుగొచ్చింది. పున్నమి సాయంత్రం రోడ్డు వైపు నుంచి తియ్యండి. ఐఎన్ఎస్ కురుసుర నల్లగా, దాని వెనక సముద్రంలోంచి చంద్రుడు. పున్నమి చంద్రుడిది సూర్యుడికి ఎదురు లెక్క, చలికాలంలో ఈశాన్యంగా లేస్తాడు, ఎండాకాలంలో ఆగ్నేయంగా. ఏ నెలకి ఆ నెల రోడ్డు మీద అటూ ఇటూ జరగాలి. హవా మహల్ కూడా అదే సాయంత్రం అయిపోతుంది, జయపురం రాజుల బంగళా. బయట నుంచే, ప్రైవేటు ఆస్తి.

లైట్‌మీటర్
చంద్రుడు లేచిన మొదటి పది నిమిషాల్లో తీసేయాలి. తర్వాత ఆకాశం నల్లబడి చంద్రుడు తెల్లటి బొట్టు అయిపోతాడు.

గాజువాక_గరిట
మరి ఎర్రమట్టి దిబ్బలు ఎవరూ చెప్పరేటి? భీమిలి దారిలోనే కదా. లోపల ఒక చోటుంది, అక్కణ్ణుంచి మలుపులు మలుపులుగా...

భీమిలి_900కె
ఆపు గరిటా. ఆ చోటు ఇక్కడ రాయకు.

గాజువాక_గరిట
ఎందుకు? దాచుకుంటారేటి? ఫోరం ఉన్నదే చెప్పుకోడానికి కదా.

భీమిలి_900కె
దాచుకోడం కాదు. అవి రాళ్ళు కావు, గట్టిపడిన ఇసుక. సముద్రం ముందుకీ వెనక్కీ జరిగిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుకకి ఇనుప తుప్పు పట్టి ఎరుపెక్కింది. వేల ఏళ్ళ పని అది. ఒకడు అంచు మీద ఎక్కి గెంతితే ఆ అంచు ఉండదు. 2014లో భౌగోళిక వారసత్వ స్థలం అని జీఎస్ఐ, అంటే కేంద్ర భూగర్భ సర్వే సంస్థ, ప్రకటించింది, బోర్డు పెట్టారు, ఆ బోర్డు పక్కనుంచే గౌన్లు వేలాడేసుకుని ఎక్కుతారు. ఒక చోటు పేరు బయటికొచ్చిందంటే నెల తిరిగేసరికి అక్కడ కాలిబాట పడిపోతుంది. మీకు నమ్మకం లేకపోతే పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

రిసెప్షన్_కెమెరా
ఈసారి నేను మాట్లాడను. నిజమే. మా వాళ్ళలో కొందరు పొగ డబ్బాలు అక్కడే పారేసి వస్తారు. నేను జంటల్ని కింద గాళ్ళలోనే నిలబెట్టి తీస్తున్నా, పైకి ఎక్కనివ్వట్లేదు. అలా తీసినా ఎర్ర గోడలు రెండు పక్కలా వస్తాయి, ఫొటోకి ఏం తక్కువ కాలేదు.

కోటవీధి_కుర్రోడు
రాస్ కొండ చెప్తే పర్లేదు, దిబ్బలు చెప్తే తప్పా అని గరిట అడగొచ్చు. రాస్ కొండకి సిమెంటు మెట్లున్నాయి, జనం ఎక్కితే అరగదు. నా లెక్క అది.

గాజువాక_గరిట
నా చోటు నా దగ్గరే ఉంచుకుంటా అయితే. తొట్లకొండ చెప్పొచ్చా? దానికి టికెట్ ఉంది.

భీమిలి_900కె
అది చెప్పు. నేవీ వాళ్ళు స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ క్షేత్రం. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, వాన పడిన మర్నాడు వెళ్తే వాటిలో ఆకాశం పడుతుంది. పునాదుల వరసల మీంచి సముద్రం. పొద్దున్న గేటు తీసేసరికే ఉండాలి.

సిరిపురం_సింధు
కొత్తగా వచ్చినవాళ్ళకి వైజాగ్ గాలి గురించి ఎవరూ చెప్పలేదు. ఏసీ గదిలోంచి కెమెరా తీసి బీచ్‌లో పెడితే లెన్స్ మీద మంచు పట్టేస్తుంది, తుడిచేకొద్దీ పడుతుంది. సూర్యోదయం అయిపోతుంది, మీరు తుడుస్తూనే ఉంటారు. రాత్రే ఏసీ లేని గదిలో సంచీలో పెట్టేయండి. జూన్లో అయిదున్నర లోపే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది, అలారం దాన్ని బట్టి. ఇంటికొచ్చాక కొంచెం తడిగుడ్డతో బాడీ, ట్రైపాడ్ కాళ్ళూ తుడవండి, ఉప్పు పేరుకుంటే ట్రైపాడ్ మరలు బిగుసుకుపోతాయి.

గోదారి_గట్టు
మంచు సంగతి రుషికొండలో తెలిసింది. ఇంకా ఫంగస్ భయం ఒకటి. డ్రై క్యాబినెట్ కొనాలా?

లైట్‌మీటర్
రెండు లెన్సులకి క్యాబినెట్ ఎందుకు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఓ చిన్న తేమ మీటరు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. లెదర్ కవర్లో మాత్రం దాచకు, తోలే తేమ పట్టి ఉంచుతుంది. అన్నిటికంటే ముఖ్యం వాడుతుండడం, బీరువాలో పడున్న లెన్సుకే ఫంగస్.

గాజువాక_గరిట
మా ఆవిడ ఆ డబ్బాలో ఇప్పటికే ఆవకాయ పెట్టేసింది. ఇంకోటి కొనాలి.

కోటవీధి_కుర్రోడు
గట్టు గారూ, వచ్చే ఆదివారం ఖాళీయేనా? అయిదున్నరకి పాత పోస్టాఫీసు దగ్గర కలుద్దాం. అక్కణ్ణుంచి కురుపాం మార్కెట్, టౌన్ హాల్, షట్టర్లు లేచేలోపు బురుజుపేట సందులు. ఎనిమిదికి రాస్ కొండ కింద ఉంటాం. ఆదివారం కాబట్టి పూజ ఉంటుంది, అది అయ్యాక లోపలికి. 18-55 ఒక్కటే తెచ్చుకోండి, మెట్లున్నాయి. లైట్‌హౌస్ డిసెంబర్లో చూద్దాం, దానికి లైట్‌మీటర్ గారు వస్తానంటే నేనూ వస్తా.

లైట్‌మీటర్
డిసెంబరుకి వస్తా. గేటు దగ్గర మాట్లాడే పని రిసెప్షన్ గారిది, ఆయనకి ఆపించుకున్న అనుభవం ఉంది.

గోదారి_గట్టు
ఆదివారం అయిదున్నర, ఖాయం. బైకు ఎక్కడ పెట్టాలి?

కోటవీధి_కుర్రోడు
మా ఇంటి ముందు పెట్టుకోండి. కురుపాం కమాను ముందు మాత్రం పెట్టకండి.

మాడుగుల_హల్వా
నేనూ వస్తున్నా. ట్రైపాడ్ లేదు, గుర్రం తేవాలా?